ఛాయాచిత్రంలో ఛాయ: రాయ్ డికరావా జాజ్ చిత్రాలలో చీకటి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
మసక వెలుతురులో జరిగే సంగీత ప్రదర్శనను చిత్రించేవారు చీకటిని అడ్డంకిగా భావించి తొలగించడం సర్వసాధారణం. అమెరికా ఛాయాచిత్రకారుడు రాయ్ డికరావా (1919–2009) ఆ చీకటినే తన చిత్రాలకు ద్రవ్యంగా చేసుకొన్నాడు. ఆయన జాజ్ చిత్రాలలోని చీకటి గదిలో ఉన్న చీకటికి నకలు మాత్రమే కాదనీ, చిత్రకారుడు పైనుంచి పూసిన చీకటి మాత్రమే కాదనీ, ఆ రెంటి మధ్య కుదిరిన ఒప్పందమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ ఒప్పందాన్ని షట్టర్ వేగం, నెగెటివ్, ప్రింటు అనే భౌతికాంశాల ఆధారంగా వివరించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: ఛాయాచిత్రకళ, జాజ్, రాయ్ డికరావా, మసక వెలుతురు, ఫ్లాష్, మేనిఛాయ, టేజూ కోల్.

1. మాటలోని మెలిక

ఫోటోగ్రఫీ అన్న మాటకు గ్రీకు మూలాలను బట్టి ‘వెలుగుతో రాయడం’ అని అర్థం. తెలుగుతో పాటు మరికొన్ని భారతీయ భాషలు దానికి సమకూర్చుకొన్న పేరు ఛాయాచిత్రం. వాళ్లు వెలుగును చూసిన చోట మనం నీడను చూశాం. పేరు పెట్టినవారికి ఇంత ఆలోచన ఉండి ఉండకపోవచ్చు. అయినా ‘ఛాయ’ అనే పదానికి నీడ, పోలిక, ఒంటి రంగు అనే మూడు అర్థాలూ మన వాడుకలో సజీవంగా ఉన్నాయి. ‘తండ్రి ఛాయలు’ అన్నప్పుడు పోలికను, ‘చామనఛాయ’ అన్నప్పుడు మేనిరంగును చెబుతున్నాం. నల్లని ముఖాన్ని చీకటి గదిలో చిత్రించడం ఎలా అన్న ప్రశ్నకు కావలసిన సరుకంతా ఈ ఒక్క మాటలో ఉంది.

మాట ఇంత అనుకూలంగా ఉన్నా అభిరుచి మాత్రం దాని వెంట నడవలేదు. ‘ఫోటో బాగా పడింది’ అని మనవాళ్లు అన్నప్పుడు ముఖం తెల్లగా, స్పష్టంగా వచ్చిందన్న భావమే ఎక్కువ. పెళ్లి ఆల్బములలో వధూవరుల మేనిఛాయను ఒకటి రెండు మెట్లు తేలిక చేయడం స్టూడియోలకు మామూలు పని. చాలాచోట్ల అడగకుండానే చేసిపెడతారు. చీకటినీ, నలుపునూ ఒకే ఖాతాలో లోపాలుగా రాసుకొనే ఈ అలవాటు మన ఒక్కరిదే కాదు. ఫోటోగ్రఫీ పరికరాల తయారీలోనే అది కొంత ఇమిడి ఉంది. వెలుతురును కొలిచే మీటరు తన ముందున్న దృశ్యం ఏదైనా దాన్ని మధ్యస్థమైన బూడిదరంగుగా భావించి లెక్క చెబుతుంది. మంచుకొండనైనా, బొగ్గుకుప్పనైనా అది ఒకే రంగుకు తెస్తుంది. చీకటి గదిలో మీటరు చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటిస్తే, ఆ గది చిత్రంలో సాయంకాలపు వరండాలా కనిపిస్తుంది. కాబట్టి ‘సరైన ఎక్స్‌పోజర్’ అనేది ప్రకృతి నియమం కాదు. అదీ ఒక అభిరుచే.

ఆ అభిరుచికి ఎదురు నిలిచినవారిలో డికరావా ముఖ్యుడు. న్యూయార్క్ నగరంలోని హార్లెంలో పుట్టి, అక్కడే పెరిగాడు. కూపర్ యూనియన్‌లో చిత్రకళ చదవడానికి చేరి, అక్కడ ఎదురైన జాతివివక్షను సహించలేక విడిచిపెట్టాడు. తరువాత హార్లెం కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్‌లో చిత్రలేఖనం, ముద్రణకళ అభ్యసించాడు. కెమెరా మొదట ఆయనకు బొమ్మలు వేసుకోవడానికి కావలసిన ముడిసరుకును సేకరించే సాధనం మాత్రమే. 1952లో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ పొందాడు. ఆ గౌరవం దక్కిన తొలి నల్లజాతి ఛాయాచిత్రకారుడు ఆయనే. 1955లో కవి లాంగ్‌స్టన్ హ్యూస్ రచనతో కలిసి వెలువడిన ‘ద స్వీట్ ఫ్లైపేపర్ ఆఫ్ లైఫ్’ ఆయనకు పేరు తెచ్చింది. జాజ్ సంగీతకారుల చిత్రాలను, హార్లెం జీవితదృశ్యాలను, తన సొంత కవితాపాఠాన్ని కలిపి 1960ల తొలినాళ్లలో ‘ద సౌండ్ ఐ సా’ (నేను చూసిన ధ్వని) అనే పుస్తకానికి నమూనా ప్రతిని తన చేతులతో తయారుచేశాడు. అది అచ్చయింది 2001లో. నలభై ఏళ్ల ఈ నిరీక్షణకు ప్రచురణ వ్యాపారమే కాక ఆ చిత్రాల స్వభావం కూడా ఎంతో కొంత కారణమై ఉంటుందని నా అభిప్రాయం. అంత ముదురు బూడిదరంగులను ఒకదానినుంచి ఒకటి విడదీసి చూపడం మామూలు అచ్చుయంత్రానికి కష్టసాధ్యం.

2. ఫ్లాష్ చూసిన జాజ్

డికరావా ప్రత్యేకతను గుర్తించాలంటే ఆయనకు ముందూ పక్కనా ఉన్నవారిని చూడాలి. విలియం గాట్లీబ్ వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో జాజ్ శీర్షిక రాసేవాడు. దానికి ఫోటోగ్రాఫరును ఇవ్వడానికి పత్రిక ఒప్పుకోకపోవడంతో తానే స్పీడ్ గ్రాఫిక్ కెమెరా కొని నేర్చుకొన్నాడు. ఫిల్ము, ఫ్లాష్ బల్బులు ఖరీదు. ఒక బల్బు ఒక్కసారే వెలుగుతుంది. అందువల్ల ఒక రాత్రికి మూడు నాలుగు చిత్రాలకు మించి తీసే వీలుండేది కాదు. ఆ పొదుపులోనుంచే 1947లో బిల్లీ హాలిడే పాడుతుండగా తీసిన ప్రసిద్ధ చిత్రం వచ్చింది. తల వెనక్కి వాల్చి, గొంతు విప్పిన ఆ ముఖాన్ని ఎన్నో తరాలు ఆమె ముఖంగా గుర్తుపెట్టుకొన్నాయి. ఫ్లాష్‌ను నిరసించే ముందు ఈ రుణాన్ని ఒప్పుకోవాలి. అది లేకపోతే ఆనాటి ఎందరో సంగీతకారుల ముఖాలు మనకు దక్కేవి కావు.

అయితే ఫ్లాష్ చీకటిని తొలగిస్తుందన్న మాట నిజం కాదు. వెలుగు దూరపు వర్గాన్ని బట్టి క్షీణిస్తుంది. దూరం రెండింతలైతే అందే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ముందున్న ముఖం మీద పడిన వెలుగు వెనకనున్న డ్రమ్ము దగ్గరికి చేరేసరికి అడుగంటుతుంది, గోడ దగ్గరికి చేరేసరికి ఏమీ మిగలదు. కంటికి మసకగానైనా కనిపించే గది, ఫ్లాష్ చిత్రంలో చదునైన నలుపైపోతుంది. ఫ్లాష్ చీకటిని వెనక్కి నెట్టి, మరింత చిక్కగా చేసి, దాన్ని తెరగా వాడుకొంటుంది. ఫలితంగా గదిలోనుంచి మనిషి విడిపోతాడు.

హెర్మన్ లెనార్డ్ ఈ లోపాన్ని గుర్తించిన పనివాడు. క్లబ్బులో అప్పటికే ఉన్న దీపాల దగ్గరే తన స్ట్రోబ్ లైట్లను అమర్చి, వెనకనుంచి వెలుగు వచ్చేలా చేసి, పొగను కూడా పాత్రగా మార్చాడు. 1948లో రాయల్ రూస్ట్ క్లబ్బులో తీసిన డెక్స్టర్ గోర్డన్ చిత్రం అందుకు పరాకాష్ఠ. ఇక బ్లూ నోట్ రికార్డుల సంస్థకు చెందిన ఫ్రాన్సిస్ వుల్ఫ్ రికార్డింగు గదులలో చేతిలో ఫ్లాష్ పట్టుకొని తీసిన చిత్రాలు ఆల్బముల అట్టల మీద ప్రపంచమంతా తిరిగాయి. 1957లో రికార్డయిన జాన్ కోల్ట్రేన్ ‘బ్లూ ట్రేన్’ అట్ట మీది చిత్రం వాటిలో ఒకటి. ఇక్కడ ఒక సంగతి గమనార్హం. గోర్డన్ పొగ వదులుతూ కూర్చున్నాడు. కోల్ట్రేన్ చేయి నోటి దగ్గర పెట్టుకొని ఆలోచనలో ఉన్నాడు. జాజ్‌కు ప్రతీకలుగా నిలిచిన ఈ రెండు చిత్రాలలోనూ ఎవరూ వాయించడం లేదు. వెలుగును ముందే అమర్చుకొన్న చోట అందంగా పట్టుబడేది విరామమే. సంగీతం జరుగుతున్న క్షణం అంత సులువుగా ఆ అమరికకు లొంగదు.

3. చీకటికి చెల్లించిన ధర

డికరావా ఫ్లాష్ వాడలేదు. 35 మిల్లీమీటర్ల కెమెరాతో, క్లబ్బులో ఉన్న వెలుతురులోనే తీశాడు. ఈ విషయాన్ని విమర్శకులు తరచు నైతిక నిగ్రహంగా చెబుతారు: ప్రదర్శనకు భంగం కలిగించకపోవడం, సంగీతకారుణ్ణి గౌరవించడం అని. అది నిజమే గాని చాలదు. ఫ్లాష్ లేకుండా తీసినవారు ఆయన కాలంలో చాలామంది ఉన్నారు. వాళ్ల చిత్రాలు ఆయన చిత్రాలలా ఉండవు. తేడా ఎక్కడుందో తెలుసుకోవాలంటే కొంత లెక్కలోకి దిగక తప్పదు.

మసక వెలుతురులో చిత్రకారుడి చేతిలో ఉన్నవి మూడే: కటకం ఎంత తెరవాలి, షట్టరు ఎంతసేపు తెరిచి ఉంచాలి, ఎంత చురుకైన ఫిల్ము వాడాలి. 1954లో కోడాక్ సంస్థ ట్రై-ఎక్స్ ఫిల్మును 35 మిల్లీమీటర్ల రూపంలో తెచ్చినప్పుడు మూడవదాని హద్దు కొంత జరిగింది. మొదటిదానికి హద్దు కటకం తయారీలోనే ఉంది. పైగా దాన్ని పూర్తిగా తెరిస్తే స్పష్టంగా కనిపించే లోతు కుంచించుకుపోతుంది. 50 మిల్లీమీటర్ల కటకాన్ని ఎఫ్/2 దగ్గర ఉంచి రెండు మీటర్ల దూరంలోని మనిషిని తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 20 సెంటీమీటర్లు. టెనర్ శాక్సఫోన్ వాయించేవాడు మనకు ఎదురుగా నిలబడి వాద్యాన్ని ముందుకు చాస్తే, కళ్లు స్పష్టంగా ఉంటే వాద్యం గొట్టం చెదిరిపోతుంది. గొట్టం స్పష్టంగా ఉంటే కళ్లు చెదిరిపోతాయి.

అసలు నిర్ణయం షట్టరు దగ్గర ఉంది. సెకనులో 60వ వంతు పెడితే కదలిక చాలావరకు ఆగుతుంది. కాని ఫిల్ము మీద పడే వెలుగు తక్కువ. నల్లని మేనిరంగు, నల్లని కోటు, వెనకనున్న గోడ నెగెటివ్ మీద ఏ గుర్తూ వేయలేక ఖాళీగా మిగులుతాయి. ఫిల్మును ఎక్కువసేపు డెవలప్ చేసి ఈ కొరతను తీర్చవచ్చునని అందరూ అంటారు. పత్రికా ఛాయాచిత్రకారులు చేసేది అదే. ఆ పద్ధతి వెలుగు పడిన భాగాలను గట్టిపరుస్తుంది గాని, వెలుగు పడని చోట లేనిదాన్ని పుట్టించలేదు. నుదురు మెరుస్తుంది, చెంప మాయమవుతుంది. అదే షట్టరును 15వ వంతుకు దించితే నాలుగింతల వెలుగు చేరుతుంది. అప్పుడు చెంప, కోటు మడత, వెనకనున్న మనిషి భుజం, ఇవన్నీ నెగెటివ్ మీద తమ తమ జాడలు వదులుతాయి. కాని ఆ వ్యవధిలో వేళ్లు కదిలిపోతాయి, తల ఊగుతుంది, చిత్రకారుడి ఊపిరి కూడా కెమెరాకు అందుతుంది.

అంటే మసక వెలుతురులో స్పష్టతకూ చీకటి సంపదకూ మధ్య ఒకటే ఎంచుకోవాలి. పదునైన అంచులు కావాలంటే నీడలు చచ్చిపోతాయి. నీడలు బతకాలంటే అంచులు చెదరాలి. డికరావా రెండవదాన్ని ఎంచుకొన్నాడని ఆయన ప్రింట్లే చెబుతున్నాయి. ‘కోల్ట్రేన్ అండ్ ఎల్విన్’ (1960), ‘కోల్ట్రేన్ ఆన్ సొప్రానో’ (1963) వంటి చిత్రాలలోని చెదరుపాటును చాలామంది సంగీతపు లయకు దృశ్యరూపంగా వ్యాఖ్యానిస్తారు. అందులో కొంత అందమైన అబద్ధం ఉంది. ఆ చెదరుపాటు మొదట ఒక ధర. చీకటిలోని వివరాన్ని కొనడానికి చెల్లించిన ధర. లయ అనే అర్థం దాని మీద తరువాత వచ్చి చేరింది. ఇలా చెప్పడం వల్ల ఆ చిత్రాల విలువ తగ్గదు. ఏది వదులుకొని ఏది నిలుపుకొన్నాడో తెలియడం వల్ల, చూపు ముందుగా ఎటు పోవాలో తెలుస్తుంది. కదిలిన వేళ్ల కంటే ముందు, వేళ్ల వెనకనున్న బూడిదరంగుల వరుసను చూడాలి.

డార్క్‌రూమ్‌లో జరిగేది ఈ ఎంపికకు రెండవ అంకం. నీడలలో సమాచారం ఉన్న నెగెటివ్ చేతికి వచ్చాక ఎవరైనా దాన్ని ప్రకాశవంతంగా ప్రింటు చేయవచ్చు. కష్టపడి కూడబెట్టింది కనబడాలని ఎవరికి ఉండదు? డికరావా దాన్ని మళ్లీ చీకటిలోకి దించుతాడు. ఆయన ప్రింట్లలో శుద్ధమైన తెలుపు అరుదు. శుద్ధమైన నలుపు కూడా అనుకొన్నంత ఉండదు. ఎక్కువ భాగం ముదురు బూడిదరంగుల మధ్యనే, ఒకదానికొకటి అతి దగ్గరగా ఉండే మెట్లమీద నడుస్తుంది. ముద్రణకళలో పొందిన శిక్షణ ఇక్కడ ఉపయోగపడిందని ఊహించవచ్చు.

4. రెండు చీకట్లు

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి డికరావా గదికి విశ్వాసపాత్రుడని, అక్కడ ఎంత చీకటి ఉందో అంతే చూపాడని తీర్మానించడం తేలిక. ఆ తీర్మానానికి ఒక చిత్రం అడ్డుపడుతుంది. 1963 ఆగస్టులో వాషింగ్టన్‌లో పౌరహక్కుల కోసం జరిగిన మహాప్రదర్శనలో ఆయన ఒక యువతిని చిత్రించాడు. ‘మిసిసిపీ ఫ్రీడమ్ మార్చర్’ అని దాని పేరు. అది పట్టపగలు, ఆరుబయట. అయినా ఆ ముఖం, ఆ చుట్టూ ఉన్న జనం క్లబ్బు చిత్రాలంత ముదురు ఛాయలోనే ఉన్నారు. గదిలో చీకటి లేని చోట కూడా ప్రింటులో చీకటి ఉందంటే, అది చిత్రకారుడు ఇచ్చిందేనని ఒప్పుకోవాలి.

రచయిత, ఛాయాచిత్రకారుడు టేజూ కోల్ 2015లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో రాసిన వ్యాసానికి ఈ చిత్రమే ఆధారం. నల్లని చర్మాన్ని ప్రకాశవంతం చేయాలన్న ఒత్తిడికి లొంగకుండా డికరావా ఎదురుదిశలో, మరింత చీకటిలోకి వెళ్లాడని కోల్ వాదం. దాన్ని మార్టినిక్ తత్త్వవేత్త ఎడ్వార్ గ్లిసాఁ చెప్పిన అపారదర్శకతా హక్కుతో, అంటే పరుల చూపుకు పూర్తిగా అర్థం కాకుండా ఉండే హక్కుతో అనుసంధానిస్తాడు. డికరావా మీద వచ్చిన రచనలలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఇదే. అయినా జాజ్ చిత్రాల దగ్గర ఈ వాదం పూర్తిగా పొసగదు. ప్రదర్శనకారుడు చూపునుంచి తప్పించుకొంటున్నవాడు కాడు. చూడమని, వినమని వేదిక ఎక్కినవాడు. అతణ్ణి చీకటిలో ఉంచడాన్ని హక్కుగా సమర్థించడానికి ముందు అతను ఆ హక్కును కోరుకొన్నాడా అని అడగాలి. పైగా డికరావా చీకటి అపారదర్శకం కాదు. అది నెమ్మదిగా విప్పుకొంటుంది. వెలుతురులోనుంచి చీకటిగదిలోకి అడుగుపెట్టినవాడి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఆయన ప్రింటు కూడా అలాంటి ఓపికనే అడుగుతుంది. మొదటి చూపుకు రెండు మెరుపులు. కాసేపటికి ఒక కనురెప్ప. ఇంకాసేపటికి పక్కన మరో మనిషి ఉన్నాడన్న స్పృహ. కోల్ దాచడం అన్నదాన్ని నేను ఆలస్యం చేయడం అంటాను.

‘డాన్సర్స్’ (1956) ఈ ఆలస్యానికి మంచి ఉదాహరణ. ఇబ్బందికరమైన ఉదాహరణ కూడా. హార్లెంలో ఒక సామాజిక క్లబ్బు వేడుక. విశాలమైన ఖాళీ నేల మీద, జాజ్ సంగీతానికి ఇద్దరు సన్నని పురుషులు కోణాలుగా వంగి నర్తిస్తున్నారు. అంచుల వెంబడి కూర్చున్న ప్రేక్షకులు మసకలో కలిసిపోయారు. నర్తకుల ఒళ్లు దాదాపు నల్లని ఆకారాలుగా మిగిలాయి. తొలిచూపులో ఆ ఆకారాలు అమెరికా వినోదరంగం నల్లవారిని వెక్కిరిస్తూ గీసిన వికృతచిత్రాలను గుర్తుచేస్తాయి. డికరావాకే ఈ చిత్రం విషయంలో ద్వైధీభావం ఉండేదని, ఆ పోలిక తనను బాధించిందని ఆయన మాటల వల్ల తెలుస్తోంది. మరికాసేపు చూస్తే ఆ ఒంపులలోని ఒడుపు, తమవారి ముందు ఆడుతున్నవాళ్ల ధీమా కనబడతాయి. ఫ్లాష్ వేసి ఉంటే వాళ్ల ముఖాలు కనిపించి వికృతచిత్రపు పోలిక తొలగిపోయేది. ఆ పోలికను ఎదుర్కొని దాటవలసిన అవసరం కూడా తొలగిపోయేది. ఈ నష్టమూ లాభమూ రెండూ అసలైనవే. చిత్రకారుడు వాటిలో ఒకదాన్ని మనకోసం తేల్చిపెట్టకపోవడాన్ని నేను గుణంగా భావిస్తున్నాను. లోపంగా భావించేవారితో పెద్దగా తగాదా లేదు.

చీకటికి ఆయన చిత్రాలలో మరో మూలం ఉంది. ‘హాల్‌వే’ (1953) ఒక అద్దెభవనపు ఇరుకు నడవ. ఏ మనిషీ లేడు. చిన్న బల్బు, దగ్గరికి వచ్చినట్టుండే గోడలు, అంతే. ఇలాంటి నడవలలోనే ఆయన బాల్యం గడిచింది. ఇక్కడి చీకటికి రహస్యం లేదు; పేదల ఇళ్ల దారికి అంతకు మించి దీపం అక్కరలేదనుకొన్నవారి లెక్క అది. జాజ్ క్లబ్బులో చీకటి వాతావరణం కోసం డబ్బిచ్చి కొనుక్కొనేది. అద్దెభవనంలో చీకటి డబ్బు లేక భరించేది. ఒకే చేయి రెండింటినీ ఒకే బూడిదరంగుల మెట్లలో ప్రింటు చేసింది. ‘ద సౌండ్ ఐ సా’లో సంగీతకారుల పక్కనే వీధులు, ఇళ్లు, పనికి పోయే మనుషులు కనిపించడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది. వేదిక మీది మనిషి ప్రదర్శన ముగిశాక ఎటు నడిచి వెళతాడో ఆ పుస్తకానికి తెలుసు. జాజ్ ఛాయాచిత్రాల పుస్తకాలలో ఎక్కువభాగం ఈ సంగతిని పట్టించుకోవు.

అన్ని చిత్రాలూ ఈ స్థాయిలో ఉన్నాయని చెప్పను. శీర్షిక లేకపోతే వాయిస్తున్నది ఎవరో తెలియని చిత్రాలు ఆయన జాజ్ వరుసలో ఉన్నాయి. అక్కడ ‘చీకటిలో ఒక నల్ల సంగీతకారుడు’ అన్న సాధారణభావం మాత్రం మిగిలి, ఫలానా మనిషి వేలిపోకడ, మెడవంపు మాయమవుతాయి. ఛాయలో నీడ నిలిచింది, పోలిక పోయింది.

5. తుడిచివేత

ఈనాటి డిజిటల్ కెమెరాలలో ఐ.ఎస్.ఓ. 12,800 మామూలు అంకె. దాని వల్ల వచ్చే రేణువులను తుడిచే సాఫ్ట్‌వేర్ చవకగా దొరుకుతోంది. స్పష్టతా, నీడలలోని వివరమూ ఏకకాలంలో దక్కుతున్నాయి. డికరావా చెల్లించిన ధర ఇప్పుడు ఎవరూ చెల్లించనక్కరలేదు. రాక్ కచేరీలలో ఫోటోగ్రాఫర్లకు ఉండే ‘మొదటి మూడు పాటలు, ఫ్లాష్ వద్దు’ అన్న నియమంలోని రెండవ సగం ఈ కెమెరాల ముందు నిరర్థకమైంది. మొదటి సగం మాత్రం పనిచేస్తూనే ఉంది: గాయకుడికి చెమటపట్టే వేళకు కెమెరా బయటికి వెళ్లిపోతుంది. మన సంగీత సభలలో సమస్య మరో రకం. వీడియో కోసం వేదికను ముందే పట్టపగలు చేసేస్తున్నారు. ఇక చీకటిని గురించిన ప్రశ్న పుట్టే అవకాశమే లేదు.

ఫ్లాష్ గదిలోని చీకటిని నలుపుగా మార్చింది. కొత్త కెమెరా దాన్ని చీకటి కానట్టే చూపుతోంది. మునుపటిదానిలో కనీసం అక్కడ చీకటి ఉండేదన్న సాక్ష్యం మిగిలేది. ఇప్పటి కచేరీ చిత్రాన్ని చూసి ఆ హాలులో పక్కవాడి ముఖం కనబడిందో లేదో చెప్పడం అసాధ్యం. సంగీతాన్ని జనం ఏ వెలుతురులో విన్నారన్నది చరిత్రకారుడికి చిన్న విషయం కాదు.

పరిశోధకులు గుర్తుంచుకోవలసిన మరో చిక్కు ఉంది. డికరావా చిత్రాలను మనలో చాలామందిమి చూసేది తెర మీద. తెర తానే వెలుగునిచ్చే వస్తువు. ప్రింటు పరాయి వెలుగును తిప్పి పంపే వస్తువు. దగ్గరదగ్గరగా ఉన్న ముదురు మెట్లు చిన్న తెర మీద ఒకటైపోతాయి. 1996లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం నిర్వహించిన ఆయన సింహావలోకన ప్రదర్శనకు పీటర్ గలాసీ రూపొందించిన గ్రంథంలోని పునర్ముద్రణలకూ, అంతర్జాలంలో తిరిగే ప్రతులకూ మధ్య ఉన్న తేడాను ఎవరైనా పోల్చి చూడవచ్చు. పై పేరాలలో ఛాయల మెట్లను గురించి చేసిన వ్యాఖ్యలు ప్రింటుకు వర్తిస్తాయే గాని దాని ప్రతులన్నింటికీ కాదు. ఫోనులో ‘కోల్ట్రేన్ ఆన్ సొప్రానో’ను తెరిస్తే మొదట ఏమీ కనబడక వేలు తనంతట తానే ప్రకాశాన్ని పెంచే మీట మీదికి పోతుంది. పెంచగానే ముఖం వస్తుంది, గది పోతుంది.